పెరటి పుంజు మనిషిపైకి వచ్చినప్పుడు

పట్టణపు పాత పేటలలో, పెరడు మిగిలిన ఇండ్లలో, నాలుగు కోళ్ళను పెంచుకొనే అలవాటు ఇంకను పోలేదు. హోసూరు వంటి ఊళ్ళలో తెలుగు, తమిళ, కన్నడ కుటుంబాలు ఒకే గోడకు అటూ ఇటూ తరాలుగా కాపురమున్నాయి. తెలుగువారు పుంజు అనే పక్షిని కన్నడిగులు హుంజ అంటారు. పాలు హాలైనట్లు, పులి హులియైనట్లు, మొదటి అక్షరం మారినదే కాని మాట ఒక్కటే. తమిళులకు అది సేవల్. పేరేదైనను తెల్లవారుజామున అది కూసినప్పుడు మూడిళ్ళవారూ మేలుకొంటారు. అది గోడ దూకి మనుష్యులపై పడినప్పుడు మూడిళ్ళవారూ చిక్కున పడతారు.

కోడిపుంజు తన్నినంత మాత్రాన ఏమవుతుందని పెద్దలు నవ్వి ఊరకుండుట కలదు. పెద్దవారికి పిక్క మీద రెండు గీతలు పడవచ్చును. మూడు నాలుగేండ్ల బిడ్డ సంగతి వేరు. రెండు మూడు కిలోల బరువున్న పక్షి నిలుచున్న చోటి నుండి ఎగిరి రెండు కాళ్ళనూ ముందుకు చాచినప్పుడు అవి తగిలే ఎత్తు ఆ బిడ్డకు మొగము. గీత రెప్ప మీద పడినదా, కంటిలో పడినదా అనుట అదృష్టాన్ని బట్టి ఉంటుంది. ఈ విషయమై తెలిసికొనవలసినదంతయు ఆ అదృష్టంపై ఆధారపడకుండా ఉండుటకే.

సాధారణంగా ఇండ్లలో దీనికి రెండే చికిత్సలు జరుగుతాయి. ఒకటి కర్ర. పుంజు వచ్చినప్పుడల్లా కొట్టి తరుముతారు. అది మరునాడు మరింత పట్టుదలతో వస్తుంది. రెండవది, “పౌరుషమున్న పుంజు” అని మురిసి, పందెగాండ్లకు అమ్మివేయుట. మొదటిది పని చేయదు. రెండవది చట్టవిరుద్ధమైన పనికి సరుకు అందించుట. వీటికంటె మేలైన దారి ఉన్నది. అయితే పుంజు తన మనస్సులో ఏ పని చేస్తున్నాననుకొంటున్నదో తెలిసికొన్న తరువాతనే ఆ దారి కనబడుతుంది.

కావలివాని కొలువు

ఇంటి కోడికి మూలపురుషుడు ఎర్ర అడవికోడి. అది సుమారుగా గోదావరికి ఉత్తరాన, తూర్పున ఉన్న అడవులలో నేటికీ తిరుగుతున్నది. దక్షిణాన, మేలగిరి కొండల వంటి చోట్ల కనబడేది బూడిదవన్నె అడవికోడి. మన నాటుకోళ్ళలో పెక్కింటికి చర్మం, కాళ్ళు పసుపుపచ్చగా ఉండుటకు కారణమైన లక్షణం ఈ బూడిదవన్నె కోడి నుండి వచ్చినదని 2008లో జన్యుశాస్త్రజ్ఞులు నిరూపించారు. అనగా పెరట్లో తిరిగే పుంజు ఒంటిలో రెండడవుల రక్తమున్నదన్నమాట.

అడవిలో పుంజుకు కొలువు ఒక్కటే: తన పెట్టలను కాచుకొనుట. గద్ద నీడ పడితే సన్నగా, సాగదీసి ఒక కూత కూస్తుంది. పెట్టలు పొదలలోకి దూరి అణగిపోతాయి. పిల్లియో ముంగిసయో నేల మీద వస్తే కూత మారుతుంది, తెంపులు తెంపులుగా, పెద్దగా అరుస్తుంది. పెట్టలు మెడ నిక్కించి నాలుగు దిక్కులూ చూస్తాయి. ఈ రెండు కూతల భేదం పెట్టలకు స్పష్టంగా తెలియునని ప్రయోగాలలో తేలినది. గింజ దొరికితే తాను మింగక, ముక్కుతో ఎత్తి వదలుచూ కొక్కొక్కని పెట్టలను పిలుస్తుంది. ఇంటి పెరట్లో ఈ దృశ్యాన్ని చూడనివారుండరు. ఆ ఉదారుడే ఇంటి కోడలిని తన్నినవాడు కూడ. రెండు పనులూ ఒకే కొలువులోనివి.

కోళ్ళలో హెచ్చుతగ్గుల వరుస ఒకటి ఉంటుంది. ఎవరు ఎవరిని పొడవవచ్చును, ఎవరు ఎవరికి దారి ఇయ్యవలెను అనుట మంద అంతటికీ తెలుసు. నార్వే దేశస్థుడైన షెల్డెరుప్-ఎబ్బె బాల్యం నుండి ఇంటి కోళ్ళను గమనించి, 1920ల తొలినాళ్ళలో ఈ వరుసను శాస్త్రీయంగా వర్ణించాడు. కూతకు కూడ ఈ వరుస వర్తిస్తుంది. జపాను దేశపు నగోయా పరిశోధకులు 2013లో, వేకువ కూత వెలుగును చూచి కూసేది కాదనీ, పక్షి లోపలి గడియారమే దానిని పలికిస్తుందనీ చూపారు. 2015లో, మందలో అగ్రస్థానమున్న పుంజే ముందుగా కూస్తుందనీ, తక్కినవి తమ తమ స్థానాలను బట్టి వెనుక కూస్తాయనీ చెప్పారు. పొరుగింటివారు నిద్ర చెడినదని వచ్చినప్పుడు ఈ సంగతి వారికి ఓదార్పు కాజాలదు గాని, పుంజుకు స్థానమన్నది ఎంత పెద్ద విషయమో దీని వలన తెలుస్తుంది.

మనిషి ఈ వరుసలో ఎక్కడ? చాల పుంజులకు మనిషి వరుసలోనే లేడు. వాడు చెట్టు వంటివాడు, లేదా గింజలు చల్లే పెద్ద జంతువు. చిక్కంతా ఏదో ఒక దినాన పుంజు దృష్టిలో మనిషి ఎదురు పుంజుగానో, పెట్టలనెత్తుకుపోయే శత్రువుగానో మారినప్పుడు మొదలవుతుంది. అట్లు మార్చేది తరచుగా మనుష్యులే.

ఎట్లు మొదలవుతుంది

పుంజుపిల్ల నాలుగైదు నెలలకు గొంతు చీరుకొని కూత నేర్చుకొంటుంది. అప్పటి నుండి ఏడాది నిండేవరకు దానికి పడుచు పొగరు. ఈ కాలంలోనే మొదటి దాడులు జరుగుతాయి. అంతకు ముందు ఒళ్ళో కూర్చుండి నూకలు తిన్న పుంజే ఇట్లు చేసినదేమని ఇంటివారు నొచ్చుకొంటారు. నిజానికి ఒళ్ళో పెరిగిన పుంజుతోనే ఈ చిక్కు ఎక్కువ. తల్లికోడి వెంట, పెద్ద పెట్టల నడుమ పెరిగిన పుంజుపిల్లకు ముక్కుపోటులతో మర్యాద నేర్పేవారుంటారు. మనిషిని చూచి పక్కకు తప్పుకొనే బెదురు కూడ మిగిలి ఉంటుంది. ఒంటరిగా, చేతితో పెంచిన పిల్లకు ఆ రెండూ ఉండవు. పెట్టపిల్లలను ఎంత ముద్దు చేసినను దోషం లేదు. పుంజుపిల్లను మాత్రం కొంచెం దూరముంచి పెంచుటే దానికి మేలు.

ఇంకొక కారణం వేడుక. రెండు నెలల పిల్ల మెడ ఈకలు రిక్కించి నిలుచుంటే చూడ ముచ్చటగా ఉంటుంది. ఇంటి కుర్రవాడు పాదం చాచి దాని ముందాడిస్తాడు, అది ఎగిరి తంతుంది, అందరూ నవ్వుతారు. ఈ ఆట ఒక నెల సాగినదంటే, మనిషి పాదం ఎదురు పుంజుతో సమానమన్న పాఠం దానికి కంఠస్థమైనట్లే. ఆరు నెలల తరువాత అదే పాఠాన్ని పాలవాని పాదం మీద అప్పగిస్తుంది.

జాతిని నిందించుట కూడ వాడుక. పందెపు జాతియని పేరుబడ్డ అసీలును చూచి జనులు భయపడతారు. కాని అసీలు పుంజులు సాధారణంగా మనుష్యులతో నెమ్మదిగానే ఉంటాయి. తరతరాలుగా వాటిని చేతితో పట్టి, ఒళ్ళు పిసికి, సాకినవారు, పెంపకందారు మీదికే వచ్చే పక్షిని సంతానానికి ఉంచుకొని ఉండరు. వాటి వైరం మరొక పుంజుతో. సంకరజాతి పెరటి కోళ్ళు గాని, సంతలో కొన్న నాటుపుంజు గాని, పెంచిన తీరును బట్టి సాధువో దుడుకో అవుతాయి.

పెరటి ఇరుకు కూడ లెక్కించవలసినదే. ఒక పుంజుకు ఎనిమిది పది పెట్టలు ఉండుట పెంపకందార్ల పాత లెక్క. పట్టణపు పెరట్లో తరచుగా మూడు పెట్టలు, రెండు పుంజులు ఉంటాయి. అప్పుడు పెట్టల వీపుల మీది ఈకలు రాలి చర్మం బయటపడుతుంది. పుంజులు ఒకదానిపై ఒకటి నిత్యం కన్ను వేసి ఉంటాయి. ఆ ఉద్రేకంలో నడుమ వచ్చిన మనిషి మీద పడుట వింత కాదు. ఇట్టి ఇంట పుంజుకు బుద్ధి చెప్పే ముందు ఒక పుంజును తగ్గించుకొనుట అవసరం.

దాడికి ముందు చెప్పే మాట

పుంజు ఉన్నట్టుండి దాడి చేసినదని అందరూ అంటారు. అది ముందుగా చెప్పిన మాట వినబడలేదనుట సరియైనది. మొదట అది పని మాని నిలుచుంటుంది. కోడికి కండ్లు తలకు రెండు వైపులా ఉంటాయి గనుక దేనినైనా తేరి చూడవలెనంటే తల పక్కకు తిప్పి ఒంటి కంటితో చూస్తుంది. ఆ చూపు మనిషి మీద నిలిచినదంటే అది మొదటి గుర్తు. తరువాత ఒక రెక్కను నేలకు వాల్చి, అడుగు ప్రక్కకు వేయుచూ అర్ధచంద్రాకారంగా తిరుగుతుంది. దీనిని నాట్యమనుకొని ఫోటోలు తీసేవారున్నారు. పిదప, ఏమీ లేని నేలను ముక్కుతో పొడుస్తూ గింజలేరుతున్నట్లు నటిస్తుంది. అట్లు నటిస్తూనే దగ్గరకు వస్తుంది. మెడ ఈకలు గొడుగువలె విచ్చినవంటే మాట ముగిసినట్లే. చాల పుంజులు మనిషి వెనుదిరిగేవరకు ఆగి, అప్పుడే ఎగురుతాయి.

ఈ వరుసను ఇంటిలోని వారందరికీ, పని చేయ వచ్చేవారికీ ఒకమారు చూపి చెప్పుట మంచిది. ఏడేండ్ల పిల్లలు దీనిని పెద్దలకంటె త్వరగా పట్టుకొంటారు. రెక్క వాల్చిన దశలో ఆగినవాడికి దెబ్బ తగులుట అరుదు.

పెరట్లో నడవవలసిన తీరు

“అవ్వా, పుంజు వస్తా ఉండాది!” అని మనుమడు కేక పెట్టితే, “పరిగెత్తొద్దురా, ఆడే నిలు!” అని వంటింటి నుండి కేక వేసే అవ్వలు ఈ ప్రాంతపు ఇండ్లలో కనబడతారు. అవ్వ చెప్పినది అక్షరాలా సరియైనది. పరుగెత్తిన మనిషి ఓడిన శత్రువు. తాను తరిమితే శత్రువు పోయినాడని పుంజు నేర్చుకొంటుంది. రేపు ఇంకా దూరం నుండి తరుముతుంది. కాలితో తన్నిన మనిషి పోరుకు ఒప్పుకొన్న శత్రువు. పుంజు ఒకటి రెండు దెబ్బలకు వెనుకకు తగ్గినను, పందెం నడుస్తున్నదనియే భావించి మళ్ళీ వస్తుంది. కర్ర చికిత్స విఫలమగుట ఇందువలన. ఓడనూ కూడదు, పోరాడనూ కూడదు. పుంజుకు మనిషి మళ్ళీ చెట్టు వంటివాడు కావలెను.

అందుకు చేతిలో ఒక అడ్డు ఉండవలెను. పాత చేట, వెడల్పైన ప్లాస్టిక్ పళ్ళెం, బకెట్టు మూత, ఏదైనా చాలును. దానిని మోకాలి ముందు, నేలకు దగ్గరగా పట్టుకొనవలెను. పుంజు ఎగిరితే దెబ్బ చేటకు తగులుతుంది. చేటను దానిపైకి విసరరాదు, దానితో కొట్టరాదు. కదలకుండా పట్టి ఉంచవలెను. కాళ్ళకు మందమైన ప్యాంటు, మూసిన చెప్పులు ఉండుట అవసరం. పుంజుకు ఎదురుగా నిలిచి, దాని కంటిలోకి గుచ్చి చూడక, నిదానంగా ఊపిరి పీల్చుతూ ఆగవలెను. రెండు మూడు మార్లు చేటను తన్ని ఫలితం లేకపోగా అది మెడ ఈకలు దించి, ఒళ్ళు దులుపుకొని, నిజంగానే గింజలేరుటకు పోతుంది. అప్పుడు, ఆ తరువాతనే, మనిషి తన పని మీద సాగవలెను. పుంజు ఇంకా ఈకలు విచ్చి ఉండగా వెనుకకు అడుగు వేసినచో ఆ పూట చేసిన పని అంతా వ్యర్థమే.

ఇట్లు రెండు మూడు వారాలు, ఇంటిలో పెరట్లోకి వెళ్ళే పెద్దలందరూ ఒకే తీరున నడచుకొన్నచో, పడుచు పుంజులు చాలవరకు దారికి వస్తాయి. ఒకరు చేట పట్టి, మరొకరు చీపురు తిరగేస్తే మాత్రం పుంజు ఇద్దరినీ వేరువేరుగా గుర్తుపెట్టుకొంటుంది. కోళ్ళు మనుష్యులను ఒకరి నుండి ఒకరిని ఆనవాలు పట్టగలవు. ఇంటాయనను చూచి తప్పుకొనే పుంజు ఇంటావిడను మాత్రమే తరుముటకు కారణం ఆమె చీర కుచ్చెళ్ళు కదులుట కావచ్చును, ఆమె రోజూ గుడ్లు తీయుట కావచ్చును, ఒకనాడు ఆమె భయపడి పరుగెత్తుట కావచ్చును. ఎవరిని, ఏ వేళ, చేతిలో ఏమున్నప్పుడు తన్నుతున్నదో నాలుగు దినాలు గమనించినచో తరచుగా కారణం బయటపడుతుంది. ఎర్ర బకెట్టును మాత్రమే ద్వేషించే పుంజుకు బకెట్టు మార్చుట చాలును.

దినచర్యలో కొన్ని మార్పులు ఈ పనిని తేలిక చేస్తాయి. పెరటి తలుపు తీసే ముందు ఒక మాటో, డబ్బా చప్పుడో వినిపించవలెను. ఉలికిపడిన పక్షి ముందు తన్ని తరువాత ఆలోచిస్తుంది. గింజలను కాళ్ళ దగ్గర కాక, పెరటి అవతలి మూలకు చల్లి, మంద అక్కడ ఉండగా గుడ్లు తీసికొనవలెను. పుంజు చూస్తుండగా పెట్టను తరిమి పట్టుకొనుట అన్నింటికంటె చెడ్డ పని. అది పుంజు కొలువునకే సవాలు. పెట్టను పట్టవలసి ఉన్నచో చీకటి పడి గూటిలో కూర్చున్న తరువాత పట్టవలెను. చీకటిలో కోళ్ళకు చూపు ఆనదు, గొడవ చేయవు. పెరట్లో రెండు మూడు చోట్ల గంపో, రేకో, గుబురు మొక్కో ఉంటే పుంజు కంటపడకుండా తప్పుకొనుటకు పెట్టలకూ మనుష్యులకూ చాటు దొరుకుతుంది.

పుంజును నేలకు అదిమి పట్టుట, తలక్రిందులుగా వేలాడదీయుట, నీళ్ళలో ముంచుట వంటి ఉపాయాలు ఊరూరా వినబడుతాయి. ఇవి దానికి పెద్ద ఎవరో చూపునని చెప్పుకొంటారు. అప్పటికి పక్షి నిశ్చేష్టంగా పడి ఉండుట వలన లొంగినట్లు తోస్తుంది. అది భయంతో బిగిసిపోవుట. అట్టి భయమే రేపటి దాడికి పెట్టుబడి. చంకన పెట్టుకొని, రెక్కలు కదలకుండా పట్టి, కొంతసేపు నిదానంగా పెరట్లో తిరుగుట ఇంతకంటె మేలు. దుడుకు ఇప్పుడిప్పుడే మొదలైన పడుచు పుంజుకు, పట్టుట చేతనైనవారికి మాత్రమే అది తగును. రెండేండ్లు తన్ని తన్ని ఆరితేరినదానిని అనుభవం లేనివారు మొగము దగ్గరకు తెచ్చుకొనుట ప్రమాదం.

ముల్లు, గాయం

పుంజు కాలి వెనుక ముల్లు లోపల ఎముక, పైన కొమ్ము వంటి తొడుగు. పడుచుప్రాయంలో అది బొడిపెగా ఉండి, వయస్సుతో పాటు పెరిగి, కొనదేలి వంకర తిరుగుతుంది. కొనను మాత్రం ఆకురాయితో అరగదీసి మొద్దు చేయవచ్చును. లోతుగా కత్తిరించినచో లోపలి జీవమున్న భాగం తెగి రక్తం కారుతుంది. వేడి వస్తువులతో తొడుగును ఊడబెరుకుట పక్షికి నరకం. ముల్లు పొడవై పెట్టల వీపులను చీల్చుతున్నప్పుడు పశువైద్యునికి చూపుట మేలు. హోసూరు ప్రాంతంవారికి మత్తిగిరిలో కోళ్ళ ఉత్పత్తి, నిర్వహణ కళాశాల ఉండుట ఒక సౌకర్యం.

ముల్లు గాయం పైకి చిన్నదిగా, లోన లోతుగా ఉంటుంది. దానికి అంటిన మట్టి, రెట్ట లోనికి పోతాయి. వెంటనే ధారగా పారే నీటితో, సబ్బుతో బాగుగా కడుగవలెను. పసుపు, సున్నం, కాఫీపొడి అద్దరాదు. మట్టి అంటిన గాయమైనందున, ధనుర్వాతపు టీకా వేయించుకొని అయిదేండ్లు దాటినవారు మరొక మోతాదు వేయించుకొనవలెను. రేబీస్ పాలిచ్చే జంతువుల వ్యాధి. కోడి వలన అది రాదు. ఎర్రబడుట, వాపు, జ్వరం కనిపించినచో వైద్యుని చూడవలెను. కంటి దగ్గర తగిలిన గాయం ఎంత చిన్నదిగా కనబడినను ఆ గంటలోనే కంటి వైద్యుని వద్దకు పోవలెను.

వృద్ధుల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. పిక్కల మీద నరాలుబ్బినవారికి చిన్న గాటు కూడ ఆగని రక్తస్రావాన్ని కలిగిస్తుంది. ఆస్ట్రేలియాలో గుడ్లు తీయబోయిన ఒక వృద్ధురాలి ఉబ్బునరంపై పుంజు పొడువగా ఆమె రక్తస్రావంతో మరణించిన సంగతి వైద్య పత్రికలో నమోదైనది. అట్టి సందర్భంలో పడుకోబెట్టి, కాలిని ఎత్తి ఉంచి, గాయం మీద శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టి, ఆసుపత్రికి చేర్చవలెను.

ఉంచవలెనా, వదలవలెనా

చేట చికిత్స పెద్దలున్న ఇంటికి. పసిబిడ్డ తిరుగాడే పెరట్లో, దాడి చేసిన పుంజును చక్కదిద్దుదామని మూడు వారాలు ఎదురుచూచుట తగదు. ఆ మూడు వారాలలో ఏదో ఒక మధ్యాహ్నం తలుపు తెరచి ఉంటుంది. పుంజును ఆనాటి నుండే వేరు గూటిలో ఉంచవలెను, లేదా పంపివేయవలెను. వృద్ధులకు, చూపు మందగించినవారికి, వీధిలో పోయే పిల్లలకు ప్రమాదమున్న చోట కూడ ఇదే తీర్పు. పొరుగింటి బిడ్డ మొగముపై గాటు పడిన పిదప, అంతవరకు మూడు భాషలలో సాగిన ఇచ్చిపుచ్చుకొనుటలు ఒక్క భాషలోనూ మిగలవు.

ఇక్కడ ఇంటివారిని వెనుకకు లాగేది ఒక అపోహ. పుంజు లేకపోతే పెట్టలు గుడ్లు పెట్టవని చాలమంది నమ్మకం. పెట్ట గుడ్డు పెట్టుటకు పుంజుతో పని లేదు. గుడ్డు పొదిగి పిల్ల కావలెనన్నప్పుడే పుంజు అవసరం. గుడ్ల కోసమే నాలుగైదు కోళ్ళను పెంచే పట్టణపు ఇంటికి పుంజు లేకుండుటే సుఖం. కూత గురించిన తగవు కూడ దానితోనే తీరిపోతుంది. గద్ద భయానికి పెరటిపై వల కట్టవచ్చును. పుంజు పహరాకు వల సాటి కాకపోవచ్చును గాని, వల ఎవరినీ తన్నదు.

పంపివేయుటలో నిజాయితీ ఉండవలెను. విశాలమైన పొలం, ఎక్కువ పెట్టలు, పెద్దవారే మెలగే చోటు ఉన్న రైతుకు, దాని గుణం దాచకుండా చెప్పి, ఇయ్యవచ్చును. అక్కడ అది మంచి కావలివాడు కావచ్చును. ఏదియు కుదరనప్పుడు కూరకు వినియోగించుటలో తప్పు లేదు. నాటుకోళ్ళను పెంచిన ఇండ్లలో ఎప్పుడూ జరిగినదదే. ఏడాది దాటిన పుంజు మాంసం గట్టిది, సన్నని సెగ మీద చాలసేపు ఉడకవలెను. మందులు వాడుచున్న పక్షినీ, జబ్బుపడిన పక్షినీ మాత్రం తినరాదు.

చేయకూడనిది, పందెగాండ్లకు ఇచ్చుట. పల్నాటి వీరగాథ విన్న నాటి నుండి తెలుగువారికి కోడిపందెమంటే ఒక మోజు. తమిళనాట పొంగలికి, గోదావరి నాట సంక్రాంతికి ఆ మోజు బరులు తీరుతుంది. వినోదం కోసం జంతువులను పోరుకు పురికొల్పుట, అందుకు చోటు నిర్వహించుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టం 11వ సెక్షను క్రింద నేరం. కాలికి కత్తి కట్టిన తరువాత అది ఇక పుంజు స్వభావపు విషయం కాదు. 2021 ఫిబ్రవరిలో తెలంగాణలోని జగిత్యాల జిల్లా లొత్తునూరులో, పందెం కోసం కత్తి కట్టిన పుంజు విదలించుకొనగా, ఆ కత్తి తగిలి దానిని తెచ్చిన మనిషే మరణించాడు. పోలీసులు పుంజును స్టేషనుకు తీసికొనిపోయి కాపాడవలసి వచ్చినది. పెరట్లో మనిషిని తన్నిన పుంజు బరిలో గెలుస్తుందన్న లెక్క కూడ తప్పే. అనుభవం లేని పుంజు అక్కడ మొదటి నిముషాలలోనే తెగిపోతుంది. అమ్మినవారికి ముట్టినది దాని చావు వెల.

తీసికొనిపోవునప్పుడు కాళ్ళు కట్టి తలక్రిందులుగా సైకిలు హ్యాండిలుకు వేలాడదీయుట మన వీధులలో నిత్యం కనబడే దృశ్యం. అది కూడ పై చట్టంలోని హింస క్రిందికే వస్తుంది. గాలి ఆడే గంపలోనో, చిల్లులు పెట్టిన అట్టపెట్టెలోనో, రాత్రి గూటి నుండి తీసి ఉంచి, తెల్లవారి తరలించినచో పక్షికీ మోయువారికీ శ్రమ తప్పుతుంది.

పుంజు వెళ్ళిన తరువాత కొన్ని దినాలు పెట్టలు కలతపడతాయి, గుడ్లు తగ్గవచ్చును. వాటిలో పెద్దది పెత్తనం తీసికొని తక్కినవాటిని అదుపు చేస్తుంది. ఒక్కొక్కప్పుడు పుంజువలె కూసే ప్రయత్నం కూడ చేస్తుంది. అది అపశకునమని భయపడి ఆ పెట్టను కోయనక్కరలేదు. దుడుకుతనం కొంతవరకు సంతానానికి దిగే గుణం గనుక, ఆ పుంజు వలన కలిగిన గుడ్లను పొదిగించకుండుట మంచిది. పెట్ట తన ఒంటిలో పుంజు బీజాన్ని రెండు మూడు వారాలు నిలువ చేసికొనగలదు. కాబట్టి పుంజు పోయిన నాటి నుండి మూడు వారాల వరకు వచ్చిన గుడ్లన్నీ వంటింటికే. ఆ పైన సాధువైన మరొక పుంజును తెచ్చుకొన్నవారు, దానిని కొన్నాళ్ళు విడిగా ఉంచి జబ్బులేవీ లేవని చూచిన పిదప మందలో కలిపి, అటు తరువాతి గుడ్లను పొదుగు కోడి క్రింద పెట్టవచ్చును. ఇరవై ఒకటవ దినాన పిల్లలు వస్తాయి. వాటిలో పుంజుపిల్లలేవో తెలిసిన నాటి నుండి వాటి ముందు పాదం ఆడించవద్దని ఇంటి కుర్రవానికి చెప్పి ఉంచవలెను.